విప్పుట, బిగించుట: ఒక మోటారుకారు నేర్పిన పాఠము



ప్రతి సంవత్సరము ఈ సంచికలో మేము చదువును గూర్చియో, నడవడిని గూర్చియో నాలుగు మాటలు వ్రాయుట వాడుక. ఈ యేడు ఉపదేశము మాని, ఒక చేతిపనిని గూర్చి వ్రాయ దలచితిమి. ఆ పని మన కోయంబత్తూరులో జరిగినది కాదు. అమెరికా దేశమున మిచిగన్ రాష్ట్రములో, డెట్రాయిట్ నగరమునకు చేరువనున్న మా మేనల్లుని యింటి కారుకొట్టములో జరిగినది. గడచిన వేసవి సెలవులలో మేము అచ్చట ఒక నెల యుంటిమి. అతని కొక పాత స్పోర్ట్సు కారు కలదు. దాని షాక్ అబ్జార్బరులు అరిగిపోగా, బండిని కార్ఖానాకు పంపక తానే వాటిని మార్చుకొనెను. ఆ దేశమున కూలి మిక్కిలి ప్రియము. పనిముట్లును, విడిభాగములును, పని చేయు విధము తెలుపు పుస్తకములును ఎవరికైనను దొరకును. కావున ఇంటిపట్టున బండి బాగుచేసికొనువారు అచ్చట పెక్కుమంది.

మేమును, పదునొకండేండ్ల అతని కుమార్తెయు ఆ పనిలో తోడుంటిమి. రెండు దినములలో మేము నేర్చినది పాఠముగా క్రింద వ్రాయుచున్నాము. నడుమ ఒక పెద్ద ప్రమాదము తప్పినది. అది యెట్లు తప్పినదో మీకు చెప్పుటకే ముఖ్యముగా ఈ వ్యాసము.

1. స్ప్రింగు పని యేమి? షాక్ అబ్జార్బరు పని యేమి?

ఎద్దుబండిలో ఇరుసునకును, కూర్చుండు పలకకును నడుమ మెత్తని దేదియు లేదు. చక్రము రాతిమీద ఎక్కిన, ఆ దెబ్బ తిన్నగా వెన్నెముకకు తగులును. జట్కాబండిలోను, లారీలోను ఉక్కు బద్దలను పొరలు పొరలుగా పేర్చి కట్టిన కమానులుండును. దెబ్బను ముందు కమాను పుచ్చుకొని వంగును. కారులో ఈ పనిని తఱుచుగా చుట్టలు తిరిగిన ఉక్కు స్ప్రింగు చేయును. స్ప్రింగు ధర్మమును ఇంగ్లండు దేశపు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించెను. స్ప్రింగుపై బలము రెట్టించిన, దాని సాగుదలయు కుంగుదలయు రెట్టించును. హద్దు మీరనంత వఱకు ఈ లెక్క తప్పదు.

అయితే స్ప్రింగునకు ఒక దోషము కలదు. అది పుచ్చుకొన్న దెబ్బను మ్రింగదు, తిరిగి యిచ్చివేయును. క్రిందికి నొక్కి వదలినచో పైకి లేచును, మరల క్రుంగును, మరల లేచును. స్ప్రింగు మాత్రమే యున్న కారు ఒక గుంటలో పడిన, ఉయ్యాలవలె చాల దూరము ఊగుచునే పోవును. ఈ యూగుటను అణచుటకే షాక్ అబ్జార్బరు. అది నూనె నింపిన గొట్టము. దానిలో ఒక కడ్డీ, కడ్డీ చివర సన్నని రంధ్రములు గల బిళ్ల. బిళ్ల కదలవలెనన్న నూనె ఆ రంధ్రములలో నుండి దూరి పోవలయును. మెల్లగా త్రోసిన సులభముగా పోవును. వేగముగా త్రోసిన గట్టిగా ఎదిరించును. నీరు నింపిన పిచికారిని మెల్లగా నొక్కి, పిదప వేగముగా నొక్కి చూచిన బాలున కెవనికైనను ఈ భేదము చేతికే తెలియును. ఆ యెదిరింపులో ఊగుట యొక్క శక్తి వేడిగా మారి గాలిలో కలిసిపోవును.

కాబట్టి షాక్ అబ్జార్బరు అను పేరు సరియైనది కాదు. దెబ్బను తినునది స్ప్రింగు. ఊగుటను అణచునది ఈ గొట్టము. దీనికి డాంపరు అను పేరును కలదు. అదియే సరియైన పేరు.

ఇది సుఖప్రయాణమునకు మాత్రమే కావలసినది యని తలపరాదు. ఊగుచున్న చక్రము క్షణకాలము నేలను విడుచును, లేదా నేలను తేలికగా తాకును. నేలను గట్టిగా తాకని చక్రమునకు బ్రేకు పట్టదు, మలుపు తిరుగదు. కావున అరిగిన డాంపరుతో బండి నడుపుట ప్రాణాపాయము.

2. ఆ కారు ఎట్టిది?

అది జపాను దేశమున హిరోషిమా ప్రాంతమునకు చెందిన మాజ్దా సంస్థ చేసిన మియాటా అను చిన్న కారు. ఇద్దరికే చోటు; మడిచివేయదగిన గుడ్డ కప్పు; బరువు ఇంచుమించు ఒక టన్ను మాత్రమే. 1989 ఫిబ్రవరిలో అమెరికాలోని చికాగో ప్రదర్శనలో దీనిని మొదట చూపిరి. 2016 నాటికి పది లక్షల కార్లు తయారైనవి. గుఱ్ఱమును రౌతును ఒక్కటైనట్లు, బండియు నడుపువాడును ఒక్కటి కావలెనన్నది దానిని చేసినవారి ఆశయము.

ఈ కారు నాలుగు చక్రములకును డబుల్ విష్‌బోన్ అను అమరిక కలదు. పక్షి మెడ మొదట నుండు చీలిక యెముకకు ఇంగ్లీషువారు విష్‌బోన్ అందురు. ఆ యాకారము గల ఉక్కు చేతులు ప్రతి చక్రమునకు రెండు, ఒకటి పైన, ఒకటి క్రింద. చక్రము పైకి క్రిందికి కదలునప్పుడు ఈ రెండు చేతులును దానిని పట్టి సరియైన వాలులో నుంచును. డాంపరు చుట్టును స్ప్రింగు తొడుగబడి, రెండును ఒకే కట్టగా నుండును. కట్ట అడుగుభాగము క్రింది చేతికి ఒక బోల్టుతోను, పైభాగము బండి శరీరమునకు రెండు నట్లతోను బిగింపబడును. ముందుచక్రముల పైనట్లు ఇంజను గదిలో కనబడును. వెనుకవి సామాను పెట్టెలో తివాచీ క్రింద దాగియుండును.

3. అరిగినదని తెలియుట ఎట్లు?

బండి ఒక మూలను రెండు చేతులతో గట్టిగా క్రిందికి నొక్కి వదలవలెను. ఒకసారి లేచి నిలిచిన డాంపరు బాగున్నదని సామాన్యముగా చెప్పవచ్చును. రెండు మూడు పర్యాయములు ఊగిన పని అయిపోయినది. గొట్టముపై నూనె కారిన జాడయు, టైరు అక్కడక్కడ గుంటలుగా అరుగుటయు తక్కిన చిహ్నములు. మా మేనల్లుని కారులో ఈ మూడును కనబడినవి.

4. పనికి ముందు

మొదటి నియమము: జాకీ బండిని ఎత్తుటకే గాని, ఎత్తి నిలుపుటకు కాదు. జాకీ నూనె బలముతో నిలుచును; ఆ నూనెను ఆపు ముద్ర చెడిన బండి క్రుంగిపోవును. కావున జాకీతో ఎత్తిన వెంటనే బండి క్రింద ఉక్కు స్టాండులు నిలిపి, వాటిమీదికి బరువు దింపవలెను. నేల చదునుగను, గట్టిగను ఉండవలెను. నేలమీద మిగిలిన చక్రములకు చెక్క అడ్డులు పెట్టవలెను. స్టాండులపై నిలిచిన పిదప బండిని చేతితో గట్టిగా కుదిపి చూడవలెను; పడునట్టిది మనము క్రింద లేనప్పుడే పడనిండు. విప్పిన చక్రమును బండి అంచు క్రింద పరుండబెట్టుట మఱియొక జాగ్రత్త. స్టాండు జాఱినను బండి ఆ చక్రముమీద ఆగును. ఇటుకలమీద బండిని నిలుపుట మన వీధులలో చూచుచున్నాము. అది ఎన్నటికిని తగదు; ఇటుక ముందుగా చెప్పక పగులును.

చక్రము నట్లను బండి నేలమీద నుండగనే కొంచెము వదులు చేయవలెను. ఎత్తిన పిదప ప్రయత్నించిన చక్రము తిరుగును, బండి కదలును.

5. విప్పుట

ఇది చెప్పుటకు సులభము, చేయుటకు కష్టము. మిచిగన్ రాష్ట్రమున శీతకాలములో మంచు కరుగుటకు బాటలపై ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పునీరు బండి అడుగున చేరి ఇనుమును తుప్పు పట్టించును. అందుచేత క్రింది బోల్టు ఒకటి మా మేనల్లుని అరదినము ఏడిపించినది. తీగ కుంచెతో తుప్పు గీకి, లోనికి ఇంకు నూనె పోసి, ఆగి, మరల పోసి, స్పానరును ముందు కొంచెము బిగించు వైపునకు త్రిప్పి, పిదప విప్పు వైపునకు త్రిప్పగా కడపట లొంగినది. బలము పనికిరానిచోట ఓర్పు పనికివచ్చునని మేము తరగతిలో ఎన్ని మారులు చెప్పితిమో! ఆ నాడు కన్నులార చూచితిమి.

విప్పిన ప్రతి నట్టును, బోల్టును ఒక అట్టమీద తీసిన వరుసలో పేర్చి, ఏది ఎచ్చటిదో ఆ పిల్ల వ్రాసిపెట్టెను. విప్పిన వరుసను తలక్రిందులు చేసినదే బిగించు వరుస. ఈ సందర్భమున ఒక చరిత్ర జ్ఞప్తికి వచ్చినది. ఇంగ్లండులో కోలిన్ చాప్‌మన్ అను నిపుణుడు 1957లో లోటస్ సెవెన్ అను చిన్న స్పోర్ట్సు కారును విడిభాగములుగా అమ్మసాగెను. కొన్నవారు ఇంటిలోనే కూర్చుకొనిన కొనుగోలు పన్ను లేదు. అయితే భాగములతోపాటు కూర్చు విధము తెలుపు పత్రము ఈయరాదని నిబంధన యుండెనట. అందుచే ఆయన విప్పు విధము తెలుపు పత్రమిచ్చెననియు, కొన్నవారు దానిని చివరినుండి మొదటికి చదువుకొనిరనియు ప్రసిద్ధి.

6. స్ప్రింగు కడ జరిగినది

ఇక ముఖ్యమైన సంగతి. బండినుండి తీసిన కట్టలో స్ప్రింగు ఇంకను నొక్కబడియే యుండును. దాని పైకొనను ఒక ఉక్కు టోపీ అదిమి పట్టియుండును. ఆ టోపీని కడ్డీ తలమీది ఒకే ఒక నట్టు పట్టియుంచును. ఆ నట్టు ఊడిన, టోపీ ఎగిరిపోవును.

ఎంత బలముతో? పిల్లలచేత లెక్క వేయింపుడు. ఒక స్ప్రింగును ఒక సెంటీమీటరు కుదించుటకు 30 కిలోల బరువు కావలె ననుకొందము. అది 5 సెంటీమీటర్లు కుదింపబడియున్న, టోపీని 150 కిలోల బరువంతటి బలము త్రోయుచున్నదన్నమాట. కుదింపు సున్న నుండి 150 వఱకు పెరిగినది గనుక సగటు 75 కిలోలు. దానిని 5 సెంటీమీటర్ల దూరముచే గుణించిన, ఒక కిలో రాయిని 3.75 మీటర్ల ఎత్తునకు, అనగా ఒక అంతస్తు మేడ మీదికి, ఎగురవేయు శక్తి వచ్చును. ఆ శక్తి అంతయు ముఖమునకు ఒక జానెడు దూరములో నుండును.

కావున నట్టు ముట్టకముందు స్ప్రింగును నొక్కిపట్టు మరలు రెండింటిని ఎదురెదురుగా తగిలించి, ఒకదానిని కొన్ని చుట్లు, రెండవదానిని కొన్ని చుట్లు మార్చి మార్చి త్రిప్పుచు, స్ప్రింగు టోపీని విడిచి వదులగు వఱకు కుదింపవలెను. అప్పుడే నట్టు విప్పవలెను. అప్పుడైనను కట్ట కొనకు ఎదురుగా ఎవ్వరును నిలువరాదు.

మొదటి దినము సాయంకాలము ఇట్లు జరిగినది. అరదినము తుప్పు బోల్టుతో పెనగులాడి మా మేనల్లుడు అలసియుండెను. మేమును ఊరకుండక, "భోజనవేళ దాటుచున్నది, త్వరగా కానిమ్ము" అని రెండు మారులంటిమి. ఆ తప్పు మాది. అతడు కట్టను బల్లమీద బిగించి, స్పానరు నట్టుకు తగిలించి త్రిప్పసాగెను. పిల్ల ఎదుట కూర్చుండి పుస్తకము చదువుచుండెను. పని మొదలుపెట్టినప్పుడే మేము ఒక యేర్పాటు చేసితిమి: ఆమె ప్రతి వాక్యమును ఇంగ్లీషులో చదివి, దాని భావమును తెలుగులో చెప్పిన పిదపనే తండ్రి చేయి వేయవలెను. ఆమె తెలుగు మఱచిపోకుండుటకై చేసిన యేర్పాటే గాని, మఱి యే దూరదృష్టియు మాకు లేదు.

ఆ వాక్యమును ఆమె గడగడ చదివెను. తండ్రి, "తెలుసులేమ్మా" అనెను. మేము వాడుక చొప్పున, "తెలుగులో చెప్పు తల్లీ" అంటిమి. ఆమె, "ముందు స్ప్రింగుని..." అని ఆగి, "కంప్రెస్ అంటే నొక్కడమే కదా తాతయ్యా? మరి ఇంకా ఎవరూ నొక్కలేదే!" అనెను.

మేనల్లుని చేయి నిలిచిపోయినది. నట్టు అప్పటికే రెండు చుట్లు వదులైనది. నొక్కు మరలు పెట్టెలోనే, విప్పని కాగితముతోనే యుండెను. అతడు మాటాడక, నట్టును తిరిగి బిగించి, స్పానరు క్రింద పెట్టి, "మామయ్యా, ఈ పూటకు చాలు" అనెను. ఆ రాత్రి అతనికిని మాకును సరిగా నిద్ర లేదు. బిడ్డ ముఖము కట్ట కొనకు ఎదురుగనే యుండె నన్నది మా ఇరువురి మనసులలోను మెదలుచుండెను.

తండ్రికి ఆ మాట అర్థము తెలియక కాదు. అతడు ఇంజనీరు, ఆ మాటను వేయిసార్లు చదివినవాడు. తఱుచుగా చదివిన మాట కంటికి కనబడును గాని మనసును తాకదు. పిల్లయు ఆ మాటను తొందరలో దాటిపోయినదే. తన తల్లి మాటలోనికి మార్చి చెప్పవలసివచ్చినప్పుడు మాత్రము ఆమె ఆగవలసి వచ్చినది. ఆగినది కనుక తెలిసినది. తెలిసినది కనుక కన్నులెత్తి చూచినది.

7. బిగించుట

మఱునాడు ఉదయము వీడుపైన తలలతో పని సాగినది. క్రొత్త డాంపరు, క్రొత్త రబ్బరు అడ్డు, పాత స్ప్రింగు. నొక్కు మరలతో కుదించి, టోపీ పెట్టి, నట్టు బిగించి, స్ప్రింగు కొన తన గాడిలో కూర్చున్నదా అని చూచి, పిదప మరలను మార్చి మార్చి మెల్లగా వదలిరి.

ఇచ్చట తెలియనివారు చేయు తప్పు ఒకటి కలదు. ఉక్కు చేతుల మొదళ్లలోను, డాంపరు అడుగునను రబ్బరు బుష్‌లుండును. బోల్టు బిగించినప్పుడు ఆ రబ్బరు లోపలి గొట్టము అదే స్థితిలో పట్టుబడును. చక్రము గాలిలో వ్రేలాడుచుండగా బిగించినచో, బండి నేలకు దిగిన క్షణమునుండి ఆ రబ్బరు మెలిపడియే యుండును, కొలదికాలములోనే చినుగును. ఒకనిని ప్రక్కకు చూడుమని మెడకు కట్టు కట్టి, పిదప తిన్నగా నడువుమన్నట్లుండును. కావున ఆ బోల్టులను మొదట చేతి బిగువున నుంచి, క్రింది చేతిని జాకీతో ఎత్తి బండి బరువు దానిమీదికి వచ్చిన పిదపనే గట్టిగా బిగింపవలెను.

చక్రము నట్లు నాలుగింటిని వరుసగా గాక, ఎదురెదురుగా బిగింపవలెను. ఎంత బిగువు? "నా చేతికి తెలియును" అనుట చాలదు. బిగువును కొలుచు స్పానరు ఒకటి కలదు. ఈ కారునకు 88 నుండి 118 న్యూటన్ మీటర్ల వఱకు ఉండవలెను. కొంత దూరము నడిపిన తరువాత మరల సరిచూడవలెను. తీసివేసిన పాత డాంపరులలో నూనెతో పాటు, కొన్నింటిలో ఒత్తిడిగల వాయువును ఉండును. వాటిని నిప్పులో వేయరాదు, కోయరాదు.

కడపటి పని ఇంటిలో చేయలేదు. చక్రములు తిన్నగా ముందునకు చూచుచున్నవా, నిలువునకు ఎంత వాలినవి అను కొలతలను యంత్రము గల కార్ఖానాలో చూపించిరి. ఇంట చేయదగినదేదో తెలియుట సగము పాండిత్యము. ఇంట చేయరానిదేదో తెలియుట తక్కిన సగము.

8. మన పిల్లలకు ఏమి?

మన బిడ్డలలో స్పోర్ట్సు కారు గలవారు లేరని మే మెఱుగుదుము. ఈ పాఠము కారు కొఱకు కాదు.

మనయూరికి చేరువనున్న కలంగల్ గ్రామమున 1893లో ఒక తెలుగు కుటుంబమున జి. డి. నాయుడుగారు పుట్టిరి. పెద్ద చదువులు చదివినవారు కారు. బాల్యమున ఒక దొర మోటారుసైకిలును చూచి ఆశపడి, కోయంబత్తూరు హోటలులో పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో దానిని కొని, మొదట చేసినపని దానిని సాంతముగా విప్పి, మరల కూర్చుట యని చెప్పుదురు. 1920లో ఒక్క బస్సుతో వ్యాపారము మొదలుపెట్టిరి. 1937లో డి. బాలసుందరముగారితో కలిసి మన దేశపు మొదటి విద్యుత్ మోటారును తయారు చేయించిరి. 1974లో స్వర్గస్థులైరి. విప్పి చూచిన బాలుడు ఎంతవాడు కాగలడో మనము దూరదేశములకు పోయి తెలిసికొననక్కఱలేదు.

మీలో లేతు పట్టువారు, పంపుల కార్ఖానాలలో పనిచేయువారు, స్కూటర్లు బాగుచేయువారు పెక్కురు కలరు. "మాకేమి చదువు వచ్చును, అయ్యగారూ" అని మీరు మా గదిలో నిలుచుండి అనుట మేము వినుచున్నాము. ఇకమీద ఆ మాట అనవలదు. నెలకొక శనివారము ఒక్క గంట మీరు పాఠశాలకు రావలెనని కోరుచున్నాము. సైకిలు చక్రమో, పాత పంపో బల్లమీద పెట్టి పిల్లలచేత విప్పింపుడు, మరల బిగింపింపుడు. వారు చేయు ప్రతిపనిని నోటితో తెలుగులో చెప్పింపుడు. పనిముట్టుకు ఇంగ్లీషు పేరున్న ఉండనిండు; ఏది ముందో, ఏది వెనుకో, ఎందుచేతనో మాత్రము తమ మాటలలో చెప్పవలెను. చెప్పలేనిచోట చేయి ఆగవలెను.

ఇంటిలో చేయింపదగిన అభ్యాసము

(1) సైకిలు పంపు మూతిని వ్రేలితో సగము మూసి, మెల్లగాను వేగముగాను నొక్కి, చేతికి తెలిసిన భేదమును వ్రాయింపుడు.

(2) ఒక స్ప్రింగునకు వరుసగా ఒకటి, రెండు, మూడు సమానమైన బరువులు వ్రేలాడదీసి, సాగిన పొడవును కొలిపించి, హుక్ చెప్పిన లెక్క సరియగునేమో చూపింపుడు.

(3) పై వ్యాసములోని లెక్కను, స్ప్రింగు 8 సెంటీమీటర్లు కుదింపబడియున్న ఎంత యగునో చేయింపుడు. కుదింపు రెట్టింపు కాకముందే శక్తి రెట్టింపును మించిపోవుటను పిల్లలే కనిపెట్టుదురు.

మా మేనల్లుని కుమార్తె ఇటీవల మాకొక ఉత్తరము వ్రాసినది. అక్షరములలో తప్పులున్నవి, భావములో లేవు. చివర, "తాతయ్యా, ఇప్పుడు నాన్న ప్రతి స్టెప్పూ నన్ను తెలుగులో చెప్పమంటున్నాడు" అని యున్నది. ఆ వాక్యమును మేము దిద్దలేదు.